విత్తనపు ఆలుగడ్డకు ఇంటిలోనే మొలక కట్టించుట

(జహీరాబాదు ప్రాంతపు ఆలుగడ్డ రైతుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఆలుగడ్డ సాగులో దుక్కిని గురించి, ఎరువులను గురించి, తెగుళ్లను గురించి మీకు చెప్పువారు చాలమంది ఉన్నారు. నేను ఈనాడు ఒకే ఒక చిన్న పనిని గురించి చెప్పదలచినాను. ఆగ్రా నుండి గాని, జలంధరు నుండి గాని వచ్చిన విత్తనపు బస్తాలు లారీ దిగిన నాటికి, వానిని బోదెలలో పెట్టు నాటికి నడుమ పది, పదిహేను దినముల వ్యవధి ఉండును. ఆ దినములలో విత్తనమును ఎక్కడ ఉంచవలెను, ఎట్లు ఉంచవలెను అన్నదే ఆ పని. దీనినే మొలక కట్టించుట అందుము.

మన ప్రాంతమున రెండు విధములైన అలవాట్లు కనిపించుచున్నవి. కొందరు బస్తాలు దిగిన మరునాడే నాటివేయుదురు. మరికొందరు కుట్టిన మూతి విప్పకుండ, బస్తాలను పశువుల కొట్టములో ఒకదానిపై నొకటి పేర్చి, నేల సిద్ధమైన తరువాత విప్పుదురు. రెండును నష్టము కలిగించునవే. మొదటివారు చలిలో నుండి వచ్చి ఇంకను కన్ను తెరువని గడ్డను నేలలో పెట్టుచున్నారు. రెండవవారు చీకటిలో పాలిపోయి, జానెడు పొడవు సాగి, ఒకదానితో నొకటి పెనవేసికొన్న మొలకలను విప్పుచున్నారు. బస్తా విదిలించిన వెంటనే ఆ మొలకలన్నియు విరిగి నేలపాలగును. వానిని పెంచుటకు గడ్డ ఖర్చుపెట్టిన బలమంతయు వానితోనే పోవును.

ముందుగా విత్తనపు లెక్క చూడుడు. సాలుకు సాలుకు నడుమ 60 సెంటీమీటర్లు, గడ్డకు గడ్డకు 20 సెంటీమీటర్లు ఎడముంచి నాటినచో ఎకరమునకు సుమారు 33,700 గడ్డలు పట్టును. ఒక్కొక్కటి 40 గ్రాముల తూకమున్నదనుకొన్నను 13 క్వింటాళ్లు దాటును. అనగా 50 కిలోల బస్తాలు ఇరువదియేడు. వరినాట్లకు ఎకరమునకు 20, 25 కిలోల విత్తనము చాలును. మొక్కజొన్నకు 8 కిలోలు చాలును. ఆలుగడ్డకు మాత్రము లారీలో కొంత భాగమే విత్తనమునకు కావలసివచ్చును. గడ్డలు కోసి నాటువారికి ఇంతకంటె కొంత తగ్గును గాని, విత్తనమే ఈ పంటలో పెద్ద ఖర్చు అన్న మాట ఎవరికిని తెలియనిది కాదు. అంత సొమ్ము పోసి కొన్న వస్తువు మొలచునో, మొలవదో చూచుకొనకుండ మట్టిలో పూడ్చుట సరియైన పని కాదు.

ఇక మన చలికాలము సంగతి. ఉత్తరాదిన పంజాబు, ఉత్తరప్రదేశ్ మైదానములలో శీతకాలము నిండుగా ఉండును. మనకు అట్లు కాదు. జహీరాబాదు సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నందున హైదరాబాదు కంటె రాత్రులు కొంచెము చల్లగా ఉండుననుట నిజమే. ఆ చల్లదనమును నమ్ముకొనియే ఇక్కడ ఆలుగడ్డ నిలచినది. అయినను ఆ చల్లదనము కార్తికములో మొదలై మాఘము నాటికి సన్నగిల్లును. ఆలుగడ్డ మొక్కకు గడ్డ ఊరవలెనన్నచో రాత్రులు చల్లగా ఉండవలెను. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటినకొలది ఆకులు తయారుచేసిన ఆహారము గడ్డకు దిగుట తగ్గి, కాండము, ఆకులు మాత్రమే పెరుగును. ఫిబ్రవరి ఎండలు ముదిరిన తరువాత చేను పచ్చగా కనిపించినను నేలలో గడ్డ పెరుగుదల అంతంత మాత్రమే. పంటకాలము రకమును బట్టి 80 నుండి 100 దినములు. కాబట్టి మన రైతుకు ముందువైపున ఒక వారము కలిసివచ్చినచో, అది చల్లని రాత్రులున్న వారము. వెనుకవైపున అదే వారము పొడిగించుకొన్నచో, అది ఎండల వారము. ఈ రెండు వారములు సమానము కావు.

మొలక కట్టించిన గడ్డ నాటిన తరువాత సుమారు పది దినముల నుండి రెండు వారములలో నేలపైకి వచ్చును. కన్ను తెరువని గడ్డకు మూడు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకంటెను ఎక్కువ పట్టును. ఆ పని నేలలో జరుగవలసినది ఇంటిలో జరిగినది, అంతే. మొలక కట్టించినంత మాత్రమున దిగుబడి రెట్టింపగునని నేను చెప్పను. అట్లు చెప్పువారిని నమ్మవద్దు. చలికాలము దీర్ఘముగా ఉన్నచోట, నాటుట తొందరగా జరిగినచోట దీనివలన తుది దిగుబడిలో పెద్ద తేడా రాకపోవచ్చును. కాలము ఇరుకుగా ఉన్న మన వంటి చోటనే దీని విలువ తెలియును.

గడ్డలో జరుగు విషయము కొంత తెలిసినచో చేయవలసిన పని తనంతట తానే అర్థమగును. ఆలుగడ్డ వేరు కాదు, గింజ కాదు. అది నేలలో ఉబ్బిన కాండము. దాని కన్నులు చెరకు గడలోని కన్నుల వంటివే. తవ్వితీసిన తరువాత ఆరు నుండి పది వారముల వరకు గడ్డ నిద్రావస్థలో ఉండును. ఎంత మంచి స్థితి కల్పించినను మొలవదు. ఉత్తరాదిన ఫిబ్రవరి, మార్చి నెలలలో తీసిన విత్తనము అక్టోబరు నాటికి ఏడెనిమిది నెలల వయసుది. దాని నిద్ర ఎప్పుడో తీరినది. కోల్డ్ స్టోరేజిలో 2 నుండి 4 డిగ్రీల చలిలో ఉన్నందువలననే అది మొలవక ఆగియున్నది. చలి నుండి బయటికి తీసిన క్షణము నుండి దాని గడియారము నడచుట మొదలగును. మీరు చూచినను చూడకున్నను అది మొలచుటకు సిద్ధపడుచునే ఉండును. మన చేతిలో ఉన్నది ఆ మొలక ఎట్టిదిగా రావలెనన్న నిర్ణయము ఒక్కటే.

గడ్డకు ఒక కొస తీగెకు అంటియుండిన భాగము. రెండవ కొసన కన్నులు దగ్గర దగ్గరగా గుంపుగా ఉండును. ఈ తలకొసన ఉన్న కన్ను ముందుగా మేల్కొని, క్రింది కన్నులను అణచియుంచును. కొబ్బరిచెట్టుకు మొవ్వు ఎట్లో దీనికి తలకన్ను అట్లు. లేత విత్తనములో ఈ పెత్తనము బలముగా ఉండి ఒకే మొలక వచ్చును. ఒకే కాండము, దానిక్రింద కొద్దిపాటి పెద్ద గడ్డలు. వయసు వచ్చిన విత్తనములో పెత్తనము సడలి, మూడు నాలుగు కన్నులు ఒక్కసారి మొలచును. అప్పుడు కాండములు ఎక్కువ, గడ్డల సంఖ్య ఎక్కువ. సంతలో ఎక్కువగా అమ్ముడుపోవు నడితరపు గడ్డ ఇట్లే వచ్చును. ఇంకను ముదిరిపోయినచో మొలకలు దారమువలె సన్నగా వచ్చును. కొన్ని గడ్డలకు మొలక రాక, కన్ను దగ్గరనే బఠాణీ గింజంత చిన్న గడ్డ పుట్టును. అది విత్తనముగా పనికిరాదని దానంతట అదే చెప్పుచున్నదన్నమాట.

ఇప్పుడు పద్ధతి చెప్పెదను. లారీ ప్రయాణము మూడు నాలుగు దినములు. టార్పాలిన్ క్రింద ఒత్తుకొని వచ్చిన బస్తాలలో గడ్డకు గాలి చాలదు. గాలి అందక వేడెక్కిన గడ్డను కోసి చూచినచో నడుమ నల్లగా ఉండును. పైకి మాత్రము ఏమియు తెలియదు. కాబట్టి దిగిన నాడే, ఆ సాయంత్రమే, బస్తాలు విప్పవలెను. అలసటగా ఉన్నది, రేపు చూతమనుకొన్న రాత్రియే నష్టము జరుగును. పైగా చల్లని గిడ్డంగి నుండి నేరుగా వచ్చిన గడ్డకు వెచ్చని గాలి తగిలినచో, మజ్జిగ చెంబుకు పట్టినట్లు చెమ్మ పట్టును. ఆ చెమ్మతో కుప్పలో ఉన్నచో మెత్తని కుళ్లు పుట్టి, ఒక గడ్డ రసము ప్రక్క గడ్డకు అంటి, బస్తాకు బస్తా కంపుకొట్టును. విప్పిన గడ్డలను నీడలో, గాలి ఆడుచోట పరచి ముందుగా ఆ తడి ఆరనీయవలెను. ఎండలో మాత్రము పోయరాదు. ఎండ దెబ్బ తగిలిన గడ్డ ఉడికినట్లై కుళ్లును.

ఆరిన తరువాత కుళ్లినవి, నలిగినవి, కత్తిగాట్లు పడినవి ఏరివేసి, మిగిలినవానిని వెలుతురు వచ్చు చోట ఒకటి లేక రెండు పొరలుగా పరచవలెను. మూడు పొరలు పోయవద్దు, అడుగు పొరకు వెలుతురు చేరదు. చోటు ఎంత కావలెనని అడుగుదురు. ఎకరమునకు సరిపడు విత్తనము ఒకే పొరగా పరచినచో సుమారు 600 చదరపు అడుగులు, రెండు పొరలుగా అయితే 300 చదరపు అడుగులు పట్టును. ఇంటి వసారా, ఖాళీ కొట్టము, బోరు గది ముందు పందిరి, ఏదైనను సరియే. ఎండ సూటిగా పడకూడదు, వెలుతురు పడవలెను. అక్కడ కూర్చుండి వార్తాపత్రిక సులభముగా చదువగలిగినచో ఆ వెలుతురు చాలునని గుర్తు. రేకుల షెడ్డు అయినచో పైన గడ్డి గాని, చొప్ప గాని కప్పవలెను. లేకున్నచో పగటి వేడికి గడ్డ కుములును. కిటికీలు లేని గది తప్ప మరొకటి లేనివారు ట్యూబులైటు వెలిగించి ఉంచినను మొలక పొట్టిగానే నిలచును.

నేల మీద చోటు చాలనివారికి ఒక సులభోపాయము కలదు. చలిదేశముల రైతులు ఇదే పనికి మూలల యందు కాళ్లున్న లోతులేని చెక్క పెట్టెలను వాడుదురు. కాళ్ల మీద పెట్టె, దాని మీద పెట్టె ఉంచినను నడుమ నుండి వెలుతురు దూరును. మనకు ఆ చెక్క పెట్టెలు ఎందుకు? టమాటాలు మండీకి పంపు ప్లాస్టిక్ క్రేట్లు ఊరూర ఉన్నవి. ప్రక్కలన్నియు కన్నములే. అడుగున రెండు పొరలు గడ్డలు పరచి, క్రేటు మీద క్రేటు పెట్టి, వరుసకు వరుసకు మనిషి పట్టునంత సందు వదలినచో చాలును. మూడు నాలుగు దినములకొకసారి పై క్రేటు క్రిందికి, క్రింది క్రేటు పైకి మార్చవలెను. దీనిలో ఇంకొక మేలున్నది. మొలక వచ్చిన గడ్డను మరల సంచిలో పోయనక్కరలేదు. ఆ క్రేటుతోనే చేనికి మోసికొనిపోవచ్చును.

వెలుతురు ఏమి చేయునన్న ప్రశ్నకు జవాబు మీరు ఇంటిలోనే చూచియున్నారు. గంప క్రింద మొలచిన మొక్క తెల్లగా సాగును. బయట మొలచినది పొట్టిగా, పచ్చగా ఉండును. ఆలుగడ్డ మొలకయు అంతే. చీకటిలో అది వెలుతురును వెదకుచు సాగిపోవును. వెలుతురు తగిలినచో ఆకుపచ్చగానో, ఊదాగానో రంగు తిరిగి, లావై, గట్టిపడి, ఉన్నచోట నిలచిపోవును. మొదటి వేళ్ల పొక్కులు దాని మొదట్లో కనిపించును. మొలక కందిగింజంత నుండి శెనగగింజంత ఉన్నపుడు నాటుటకు సరియైన సమయము. సెంటీమీటరు దాటనీయకున్న మంచిది. ముఖ్యముగా యంత్రముతో నాటువారు దీనిని గమనించవలెను. యంత్రపు గిన్నెలలో పొడవు మొలక నిలువదు. మన అక్టోబరు వేడికి పది నుండి పదిహేను దినములలో ఈ స్థితి వచ్చును.

మొలక రంగు మరొక విషయము కూడ చెప్పును. వెలుతురులో వచ్చు మొలక రంగు, ఆకారము ఆయా రకమునకు ప్రత్యేకముగా ఉండును. ఒకే రకమని కొన్న బస్తాలో రెండు రంగుల మొలకలు వచ్చినచో అది కల్తీ విత్తనమని తెలిసికొనవచ్చును. కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ పుఖ్‌రాజ్ వంటి పేర్లు మనము నిత్యము వినుచున్నాము. కుఫ్రీ అనునది సిమ్లాకు దగ్గరి కొండ ఊరు. 1949లో పాట్నాలో నెలకొల్పబడిన కేంద్ర బంగాళాదుంప పరిశోధనా సంస్థ 1956లో సిమ్లాకు మారినది. ఆ సంస్థ వారు విడుదల చేసిన రకములకు ఆ ఊరి పేరు ముందు తగిలించుట ఆచారమైనది. అందుచేత వర్తకుడు “కుఫ్రీ విత్తనము” అని మాత్రమే చెప్పి ఊరకున్నచో, ఏ కుఫ్రీ అని అడుగుడు. ధ్రువీకరణ విత్తనమైనచో బస్తాకు నీలిరంగు చీటీ, మూల విత్తనమైనచో తెల్లచీటీ ఉండవలెను. చీటీని, బిల్లును పంట అమ్మువరకు దాచవలెను.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. విత్తనము ధర ఎక్కువైన ఏడు కూరగడ్డనే విత్తనముగా కొనుట మన ప్రాంతమున లేకపోలేదు. పైకి రెండును ఒకటే. కాని నేటి రోజులలో చిప్సు పరిశ్రమకు, కూరకు ఉద్దేశించిన గడ్డలను 10 నుండి 12 డిగ్రీల వద్ద నిలువచేసి, మొలక రాకుండ సి.ఐ.పి.సి. అను మందును పొగగా పట్టించుచున్నారు. తక్కువ చలిలో ఉంచినందువలన గడ్డ తీపెక్కదు, మందు వలన మొలవదు. తినువానికి అది మేలు. విత్తువానికి చేటు. ఆ మందు పట్టిన గడ్డ నాటినచో మొలవదు, మొలచినను వంకరటింకరగా వచ్చి చచ్చును. ఆ మందు కొట్టిన గదిలో తరువాత విత్తనము నిలువచేసినను గోడల నుండి ఆ ప్రభావము తగులును. నేరుగా నాటిన రైతుకు ఈ సంగతి నాటిన నెల దినములకు, చేను బోసిపోయిన తరువాత తెలియును. అప్పటికి దుక్కి, ఎరువు, నీరు, కూలి అన్నియు పోయినవి. మరల నాటుటకు కాలమును లేదు. వసారాలో పరచినవానికి పది దినములలో తెలియును. ఇంకను విత్తనము మార్చుకొను వ్యవధి ఉండును. అమ్మినవానిని పిలిచి కండ్లారా చూపవచ్చును. ఏ ఇతర లాభము లేకపోయినను, ఈ ఒక్క పరీక్ష కొరకైనను విత్తనమును పరచవలెనని నా అభిప్రాయము.

పరచిన తరువాత మూడు దినములకొకసారి తిరిగి చూడవలెను. ఆ పని ఇంటి ఆడవారే ఎక్కువ నేర్పుతో చేయుదురు. ధాన్యములో రాయి ఏరిన కన్నుకు కుళ్లు గడ్డ ఇట్టే దొరుకును. పదిహేను దినములకును కన్ను తెరువనివి, దారపు మొలకలవి వేరు చేయవలెను. దారపు మొలక ముదిరిన విత్తనమునకు గాని, వైరస్ వంటి తెగులు సోకిన విత్తనమునకు గాని గుర్తు. కన్నుల వద్ద నల్లని పొడి వంటి రెట్ట కనిపించినచో లోపల గడ్డ తొలుచు పురుగు ఉన్నది. రాత్రి వేళ దాని రెక్కల పురుగు వచ్చి కన్నుల వద్దనే గ్రుడ్లు పెట్టును. సన్నని వల కప్పినచో అదియు రాదు, కోళ్లును కెలకవు. ఎలుకల సంగతి నేను చెప్పనక్కరలేదు.

బస్తాలోనే తలకన్ను మొలచి పొడవుగా సాగిన విత్తనము వచ్చినచో ఏమి చేయవలెను? ఆ మొలకను వ్రేలితో త్రుంచివేసి, గడ్డలను వెలుతురులో పరచినచో, తలకన్ను పెత్తనము తొలగి ప్రక్క కన్నులు నాలుగైదు ఒక్కసారి లేచును. ఒకసారి త్రుంచుటకు అభ్యంతరము లేదు. రెండవసారి త్రుంచినచో గడ్డ బలము తగ్గిపోవును. మూడవసారి అడుగువారికి నా వద్ద జవాబు లేదు, ఆ గడ్డలు పారవేయవలసినదే.

మన ప్రాంతమున అక్టోబరు నెల నమ్మదగినది కాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదును ముంచిన వాన మీకందరికి జ్ఞాపకమే. అట్టి వానలు పడినపుడు ఎర్రనేలలైనను పదునుకు వచ్చుటకు చాల దినములు పట్టును, నల్లరేగడుల మాట చెప్పనక్కరలేదు. బస్తాలో ఉన్న విత్తనము ఆ దినములలో సాగిపోవును. తొందరపడి బురదలో నాటినచో కుళ్లును. వెలుతురులో ఉన్న విత్తనము మాత్రము పొట్టి మొలకతో అట్లే కాచుకొనియుండును. రెండు మూడు వారములు ఆలస్యమైనను కొంచెము వడలునే గాని చెడదు. విత్తనము కాచుకొనగలిగినపుడే రైతు నేల పదునుకొరకు కాచుకొనగలడు. తొందరపాటు చాలవరకు విత్తనము చెడిపోవునన్న భయమువలననే పుట్టుచున్నది.

కోసి నాటుట విషయమున మీలో భేదాభిప్రాయములున్నవి. 30 నుండి 50 గ్రాముల గడ్డలు దొరికినచో కోయకుండ నాటుట అన్నివిధముల మేలు. నేల ఇంకను వేడిగా ఉన్న అక్టోబరు మొదటి దినములలో కోసిన ముక్క తరచు కుళ్లును. పెద్ద గడ్డలే వచ్చినపుడు కోయక తప్పదు. అప్పుడు మొలకలు కన్ను తెరచిన తరువాతనే కోయవలెను. ఏ ముక్కకు ఎన్ని మొలకలు వచ్చునో కంటికి కనిపించును గనుక గ్రుడ్డి ముక్క ఉండదు. అడ్డముగా కాక తలకొస నుండి నిలువుగా కోసి, ప్రతి ముక్కకు రెండు మూడు కన్నులు, 30, 40 గ్రాముల తూకము ఉండునట్లు చూడవలెను. కత్తులు రెండు ఉంచుకొని, ఒకటి బ్లీచింగు పొడి నీటిలో నానుచుండగా రెండవదానితో కోయవలెను. కోసినపుడు లోపల గోధుమరంగు వలయము కనిపించి, నొక్కినచో తెల్లని జిగురు వచ్చినచో అది ఎండు తెగులు సోకిన గడ్డ. దానితో వచ్చిన విత్తనమును నాటవద్దు. ఆ తెగులు నేలలో పాతుకొన్నచో టమాటా, వంగ, మిరపలను కూడ పట్టుకొనును. మంచి ముక్కలను లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ కలిపిన ద్రావణములో పది నిముషములు ముంచి తీసి, నీడలో రెండు మూడు దినములు ఆరనిచ్చినచో కోతమీద పలుచని బెరడు కట్టును. కుప్పపోసి ఆరబెట్టరాదు. గోనెపట్టాపై పలుచగా పరచవలెను.

నాటు దినమున జాగ్రత్త అంతయు మొలకమీదనే. నాటుటకు రెండు మూడు దినములు ముందుగా నీరు పెట్టి, పదునుమీద నాటుడు. ఎండిన వేడి మట్టిలో పెట్టిన లేత మొలక గంటలలో మాడును. ఎరువు మొలకకు తగులకుండ, ప్రక్కగా లోతున పడునట్లు చూడుడు. మొలక పైకి ఉండునట్లు గడ్డను చేతితో ఉంచవలెనే గాని విసరరాదు, నొక్కరాదు. ఉంచిన వెంటనే మట్టి కప్పవలెను. సాలు పొడవునా గడ్డలు పరచి అన్నము తినుటకు పోయి, వచ్చి కప్పువారిని చూచియున్నాము. ఆ గంటసేపటి ఎండకు పదిహేను దినముల శ్రమ పోవును. మొలకలు బాగుగా ఉన్నవానిని ఒక మడిలో, ఆలస్యముగా తెరచినవానిని వేరొక మడిలో నాటినచో ఇంకను బాగు. చేనంతయు ఒక్కసారి లేచినపుడే మట్టి ఎగదోయుట అందరికి సరియైన వయసులో జరుగును. ముందు లేచిన మొక్కలకని నాలుగవ వారమున మట్టి ఎగదోసినచో, అప్పుడే తల యెత్తుచున్న మొక్కలు పూడిపోవును. మిగిలినవి పెద్దవాని నీడన పడి, గోలీలంత గడ్డలు మాత్రమే ఇచ్చును.

పలమనేరు, కుప్పము వైపు నుండి వచ్చిన సోదరులు కూడ ఇక్కడ ఉన్నారు. వారు ఉర్లగడ్డను వానకాలమునను వేయుదురు. వారి సమస్య వేరు. దగ్గరలో అప్పుడే తీసిన గడ్డను విత్తనముగా వాడినచో, అది ఇంకను నిద్రలోనే ఉండును. ఎంత పరచినను మొలవదు. థయోయూరియా, జిబ్బరెల్లిక్ ఆమ్లము వంటి మందులు ఆ నిద్ర లేపుటకు ఉద్దేశించినవి. వానిని మోతాదు తెలిసిన శాస్త్రజ్ఞుని అడిగియే వాడవలెను. కోల్డ్ స్టోరేజి నుండి వచ్చిన పాత విత్తనమునకు వాని అవసరము లేదు. మేల్కొన్నవానిని మరల లేపుట ఎందుకు? ఎవరైనను దుకాణములో అంటగట్టినచో ఆ డబ్బు మిగుల్చుకొనుడు.

చివరగా, నాటగా మిగిలిన గడ్డల విషయము. పది, పదిహేను దినములు వెలుతురులో ఉన్న గడ్డ పచ్చబారి ఉండును. ఆ పచ్చదనముతోపాటు సొలనిన్ అను విషపదార్థము తొక్కలోను, మొలకలోను చేరును. ఉడికించినను అది పోదు. ఆ గడ్డలను కూర వండరాదు, బీదలకు దానము చేయరాదు, పశువుల కుడితిలో వేయరాదు, సంతకు అసలే పంపరాదు. మందులో ముంచిన ముక్కలకును ఇదే నియమము. ప్రక్క రైతుకు విత్తనము చాలకున్నచో ఇచ్చివేయుడు. లేకున్నచో పదిహేను దినములు వెలుతురులో ఉంచి, మొలవని మొక్కల సందులు పూడ్చుకొనుడు. అటుపైనను మిగిలినవి చేనికి దూరముగా గుంట తీసి పూడ్చవలెను. గట్టుమీద పారవేసినచో అక్కడనే మొలచి, పేనుబంకకును, ఆకుమాడు తెగులుకును వచ్చే ఏటి వరకు నివాసమగును.